కాంటా ఉన్న గింజ, కాంటా లేని గింజ



మోటు దగ్గర సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది. అక్కడ ఒక ఒడ్డు ఒడిశా, ఒక ఒడ్డు ఛత్తీస్‌గఢ్, ఇంకో ఒడ్డు ఆంధ్రప్రదేశ్. శబరి వెంట కూనవరం దాకా దిగి, గోదావరి ఒడ్డు పట్టుకుని ఎగువకు నడిస్తే భద్రాచలం, అంటే తెలంగాణ. ఈ నాలుగు రాష్ట్రాల అంచుల్లో ఉన్నవాళ్లు చాలావరకు ఒకరికొకరు చుట్టాలే. కోయవాళ్లకు ఇవతలి ఊళ్లో అత్తగారిల్లు ఉంటే అవతలి ఊళ్లో పుట్టిల్లు ఉంటుంది. వానాకాలంలో పల్లపు మడుల్లో అందరూ వేసేదీ వడ్లే. ధర మాత్రం నాలుగు రకాలు.

లెక్క చెప్తాను, వినండి. కేంద్రం 2025-26 సంవత్సరానికి సాధారణ రకం వడ్లకు క్వింటాలుకు 2369 రూపాయలు, ఏ గ్రేడుకు 2389 రూపాయలు మద్దతు ధర కట్టింది. తెలంగాణలో సన్నరకం పండిస్తే దాని మీద 500 బోనస్. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తన రైతు దగ్గర ఎకరానికి 21 క్వింటాళ్ల వరకు 3100 చొప్పున కొంటోంది. ఒడిశా 2024 నుంచి మద్దతు ధర మీద 800 కలిపి ఇస్తోంది. ఆంధ్ర వైపున్న చింతూరు రైతుకు, ఎటపాక రైతుకు ఉత్త మద్దతు ధరే. ఈ ఎటపాక సంగతి తమాషాగా ఉంటుంది. 2014 దాకా అది భద్రాచలం మండలంలోని ఊరు. పోలవరం ముంపు పేరుతో మండలాలు ఆంధ్రలోకి పోయినప్పుడు అది కూడా పోయింది. భద్రాచలం ఊరు మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. గట్టిగా నడిస్తే బీడీ తాగినంత సేపట్లో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రంలోకి వెళ్లొచ్చు. సన్నవడ్ల మీద 500 రూపాయల తేడా కూడా అంతే దూరంలో ఉంది.

కోతల కాలంలో సరిహద్దు దారుల మీద చెక్‌పోస్టులు లేచేది ఇందుకే. మన తెలంగాణ వైపు అధికారులు పొరుగు వడ్లు రాకుండా చూస్తారు, ఛత్తీస్‌గఢ్ వాళ్లు మన వడ్లు పోకుండా చూస్తారు. ట్రాక్టర్ మీద బస్తాలుంటే పట్టాదారు పాస్‌బుక్ చూపించాలి, ఏ ఊళ్లో పండాయో చెప్పాలి.

ఇదంతా వడ్ల గొడవ. కానీ ఈ అడవి అంచున తాతముత్తాతలు రోజూ తిన్నది వరి అన్నం కాదు, జొన్న. వరి అన్నం పండక్కో, పెళ్లికో, ఇంటికి చుట్టం వస్తేనో. ఆ జొన్నకు కేంద్రం 2025-26కు కట్టిన మద్దతు ధర ఎంతో తెలుసా? హైబ్రిడ్ జొన్నకు క్వింటాలుకు 3699 రూపాయలు, మల్దండి రకానికి 3749. ఏ గ్రేడు వడ్ల కంటే పదమూడు వందలు ఎక్కువ. మరి జొన్నలు రాత్రిపూట దొంగచాటుగా సరిహద్దు దాటుతున్నాయని ఎవరైనా విన్నారా? జొన్న బస్తాల కోసం ఎక్కడైనా చెక్‌పోస్టు పెట్టారా? పెట్టరు. జొన్నకు ధర ఉంది గానీ ఆ ధరకు తూచి కొనే కాంటా లేదు. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ కాంటా గురించే.

ఖమ్మం అంటే బయటివాళ్లకు సాగర్ ఎడమ కాలువ, పాలేరు, వైరా చెరువుల కింది వరి, ఖమ్మం మార్కెట్లో మిర్చి కుప్పలు గుర్తుకొస్తాయి. ఆ లెక్క వేరు. నేను మాట్లాడేది ఇల్లెందు దాటాక గుండాల, ఆళ్లపల్లి వైపు, గోదావరి దాటాక దుమ్ముగూడెం, చర్ల వైపు ఉన్న చెలకల గురించి. చర్ల దగ్గర తాలిపేరు కింద పాతిక వేల ఎకరాల దాకా నీళ్లు పారతాయి. అక్కడ వరి నిలకడగా ఉంది. కాలువ ఎక్కని మెరక భూములు, పోడు చెలకలు ఎక్కువగా వాన మీదే ఆధారం. అవి జొన్న భూములు.

పోడులో జొన్న ఒంటరి పంట కాదు. సాళ్ల మధ్య కంది, అంచున బొబ్బర, అనుములు, ఎగువ వాలులో సామ, కొర్ర. ఒకటి పోయినా ఒకటి దక్కేది. కొన్నిచోట్ల ముంగారి పచ్చజొన్న, కొన్నిచోట్ల వానలు వెనకబట్టాక మాఘీ జొన్న. పంట చేతికొచ్చినా కొత్తల పండుగ చేసి, ఊరి దేవతకు పెట్టేదాకా గింజ నోట్లో వేసుకోరు. రేషన్ బియ్యానికి కొత్తలూ లేవు పాతలూ లేవు, నెల నెలా అవే సంచులు.

పాతరోజుల్లో అంతా బాగుండేదని చెప్పడానికి నేను రాలేదు. ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి చాలా ఇళ్లలో గరిసెలు ఖాళీ. 1940లలో గోదావరి కొండల్లో తిరిగిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త కొండరెడ్ల మీద 1945లో ఒక పుస్తకం తెచ్చాడు. ఆ పుస్తకంలో కొండరెడ్ల పోడు జొన్న ఎంత ఉందో, జొన్న అయిపోయాక తిన్న జీలుగు మాను గుజ్జు, మామిడి టెంకల్లోని జీడి పిండి, అడవి దుంపలు కూడా అంతే ఉన్నాయి. ఆ నెలల్లో సావుకారి దగ్గర గింజలు నాగుకు తెచ్చుకునేవాళ్లు. ఒక బస్తా తెస్తే కల్లంలో ఒకటిన్నర బస్తా కొలవాలి. పంట వచ్చిన రోజునే మూడో వంతు, సగం అప్పుకే పోయేది. తిండి గింజ అడవిలోనే పండినా దాని మీద వడ్డీ మాత్రం సంతకు చేరేది. ఏజెన్సీ ప్రాంతంలో వడ్డీ వ్యాపారాన్ని కట్టడి చేయడానికి 1960లో చట్టమే చేయాల్సి వచ్చిందంటే ఊహించుకోండి. 1956లో గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, పుట్టిందీ ఇందుకే. అడవి సరుకు కొనడం ఒక చేత్తో, బియ్యం, ఉప్పు, కిరసనాయిలు అమ్మడం ఇంకో చేత్తో. ఊళ్లలో ఇప్పటికీ దాని దుకాణాన్ని డీఆర్ డిపో అనే అంటారు. 1996-97లో ఊరూరా ధాన్యం బ్యాంకులు పెట్టే పథకం కూడా వచ్చింది. నాగు లేకుండా ఊరి గింజ ఊళ్లోనే అప్పుగా తిరగాలని దాని ఉద్దేశం. మంచి ఆలోచనే. కానీ బయటి నుంచి బియ్యం చవగ్గా వస్తున్నప్పుడు గింజ అప్పు ఎవరికి కావాలి?

చవక బియ్యం కథ మీకందరికీ తెలుసు గనుక గబగబా చెప్తాను. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. మధ్యలో ధర పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. 2008లో రాజశేఖరరెడ్డి తిరిగి రెండు రూపాయలు చేశారు. 2011లో కిరణ్‌కుమార్ రెడ్డి రూపాయికి దించారు. తెలంగాణ వచ్చాక 2015 జనవరి నుంచి మనిషికి ఆరు కిలోలు. 2023 నుంచి ఉచితం. 2025 ఏప్రిల్ నుంచి దొడ్డు బియ్యం బదులు సన్నబియ్యం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఇంట్లో ఐదుగురున్నారు. మనిషికి ఆరు కిలోల చొప్పున నెలకు ముప్పై కిలోలు, ఏడాదికి 360 కిలోల బియ్యం. బజారులో సన్నబియ్యం కిలో యాభై రూపాయలనుకుంటే 18,000 రూపాయల సరుకు. ఇక పోడు చెలకలో జొన్న వేస్తే, ఎరువు లేకుండా, నాటు విత్తనంతో, మంచి ఏడాదిలో ఎకరానికి ఐదు క్వింటాళ్లు వస్తాయనుకోండి. మద్దతు ధర పూర్తిగా వచ్చినా 18,495 రూపాయలు. చూశారా, రేషన్ కార్డే ఎకరం జొన్న చేను అయింది! పైగా ఆ చేనుకు పిట్ట కాపలా లేదు, కలుపు లేదు, వాన భయం లేదు. అలాంటప్పుడు ఆ ఎకరంలో జొన్న ఎందుకు వేయాలి?

వేయలేదు. ఖాళీ అయిన ఆ ఎకరంలోకి పత్తి వచ్చింది. మిర్చి వచ్చింది. కోళ్ల దాణాకు, ఈ మధ్య ఇథనాల్‌కు పోయే మొక్కజొన్న వచ్చింది. సారపాక కాగితం మిల్లు ఉంది గనుక జామాయిల్ తోటలూ వచ్చాయి. ఇవేవీ ఇంట్లో తినేవి కావు. మిర్చి సంగతి చూడండి. 2024లో ఖమ్మంలో క్వింటాలు ఇరవై వేలు దాటింది. అది చూసి వేసినవాళ్లకు 2025 మొదట్లో పదమూడు, పద్నాలుగు వేలు కూడా కష్టమైంది. మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలకు ఇచ్చే డబ్బులు, మందు డబ్బాల బాకీ పోగా ఎంత మిగిలిందో మీ ఇళ్లలో మీకే తెలుసు. ధర పడిన ఏడు జొన్న రైతు కనీసం జొన్న తినగలడు. పత్తి తినలేం, మిర్చి వండుకుని కడుపు నింపుకోలేం. ఆ ఏడు ఇల్లు పస్తుండకుండా నిలబెట్టింది రేషన్ బియ్యమే. కాబట్టి "బియ్యం ఇచ్చి గిరిజనుల తిండి పాడుచేశారు" అని పట్నంలో కూర్చుని రాసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆషాఢంలో ఆకలి ఎలా ఉంటుందో తెలిసిన ఇల్లాలు ఆ మాట అనదు.

ఆ ఇల్లాలి పని కూడా లెక్కలోకి రావాలి. జొన్న గటక తెల్లారి కావాలంటే ముందు రోజు సాయంత్రమే పని మొదలు. జొన్నల మీద నీళ్లు చిలకరించి కాస్త మెత్తబడనివ్వాలి. రోట్లో పోసి పైపైన దంచాలి. గట్టిగా దంచితే గింజ చితుకుతుంది, నెమ్మదిగా దంచితే పొట్టు ఊడదు. ఆ చెయ్యి వాటం అమ్మ నుంచి కూతురికి రావాల్సిందే. చాటలో చెరిగి, పొట్టు ఎగరేసి, మళ్లీ ఒకసారి దంచి, తిరగట్లో విసరాలి. జల్లెడ పట్టి నూక వేరు, పిండి వేరు చేయాలి. మసిలే ఎసట్లో ముందు నూక పోసి, అది ఉడికాక పిండి చల్లుతూ తెడ్డుతో గెలకాలి. ఇంత చేస్తే ఒక పూట తిండి. బియ్యమైతే కడిగి పొయ్యి మీద పెడితే చాలు. పొద్దున్నే మిర్చి కోతకు, వేసవిలో తునికాకు ఏరడానికి పోయే ఆడమనిషి బియ్యం వైపు మొగ్గిందంటే అది రుచి మారి కాదు, పొద్దు చాలక. మర ఉంటే పొద్దు మిగులుతుంది. వడ్లకు ప్రతి ఊళ్లో హల్లర్ మర వచ్చింది. జొన్న పొట్టు తీసే మర మన ఏజెన్సీలో ఎన్ని ఊళ్లలో ఉందో చూడండి. మీ చుట్టుపక్కల ఒకటి కనిపిస్తే సంతోషం.

పొలంలోని కష్టం ఇంకోటి ఉంది. ఇది బయటివాళ్ల పుస్తకాల్లో పెద్దగా కనిపించదు, ఊళ్లో ఎవరినడిగినా మొదట చెప్పేది మాత్రం ఇదే. పిట్టలు. జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో చిలకలు, గువ్వలు, పిచ్చుకలు గుంపులుగా దిగుతాయి. ఊళ్లో అందరూ జొన్న వేసిన రోజుల్లో ఆ పిట్టలు వంద ఎకరాల మీద పడేవి. ఒక్కో రైతుకు పోయేది తక్కువ. మంచె మీద పిల్లలు కూర్చుని వడిసెల తిప్పుతుంటే పక్క చేనుకూ కాపలా అయ్యేది. ఇప్పుడు ఊరంతా పత్తి వేసి ఒక్కడే జొన్న వేశాడనుకోండి, చుట్టుపక్కల ఊళ్ల పిట్టలన్నీ అతని ఎకరం మీదే పంక్తి వేసుకుని కూర్చుంటాయి. పిల్లలు ఆశ్రమ పాఠశాలలో ఉంటారు, ఉండాలి కూడా. కాపలాకు కూలి మనిషిని పెడితే పంట ధర కాపలాకే పోతుంది. పిట్టలు వదిలితే అడవి పందులు, కోతులు. అందుకే జొన్న ఒక్కడు వదిలేస్తే పక్కవాడికి బరువు పెరుగుతుంది, అతనూ వదిలేస్తాడు, అలా ఊరు ఊరే వదిలేసింది. తిరిగి తేవాలన్నా ఒక్కడితో కాదు, పదిమంది ఒకే చోట చేలు కలిపి వేయాలి.

చొప్ప మాట కూడా చెప్పాలి. ఒకప్పుడు జొన్న చేనులో గింజ సగం ధర, చొప్ప సగం ధర. ఎద్దులు, ఆవులు ఉన్న ఇంటికి ఎండాకాలం మేత అదే. ట్రాక్టర్ వచ్చాక ఎద్దులు పోయాయి, ఎద్దులు పోయాక చొప్పకు గిరాకీ పోయింది. జొన్న ఆదాయంలో సగం అలా ఎవరూ చూడకుండానే మాయమైంది.

ఇక కాంటా దగ్గరికి వద్దాం. వడ్ల కాంటా ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఐకేపీ కేంద్రమో, సొసైటీ కేంద్రమో, ఏజెన్సీలో చాలాచోట్ల జీసీసీ కేంద్రమో. టార్పాలిన్ పట్టాల మీద కుప్పలు. తేమ చూసే మిషన్‌లో పిడికెడు గింజలు వేసి చూస్తారు. పదిహేడు శాతం లోపు ఉంటేనే కాంటా. పైన ఉంటే మళ్లీ ఆరబోయాలి, రాత్రి వాన వస్తుందేమోనని కుప్ప దగ్గరే పడుకోవాలి. నలభై కిలోల సంచులు. సంచి మీద కొంచెం ఎక్కువ తూస్తున్నారని, మిల్లు దగ్గర తరుగు తీస్తున్నారని ప్రతి ఏటా గొడవే. లారీ రాక మూడు రోజులు, డబ్బు పడక ఇంకో వారం. ఇన్ని తిట్లు తిట్టుకుంటూ కూడా రైతు వడ్లే వేస్తాడు. ఎందుకంటే చివరికి ఎవరో ఒకరు కొంటారని అతనికి తెలుసు. ఎకరానికి ఇరవై క్వింటాళ్లు పండితే ఏ గ్రేడు ధరకు 47,780 రూపాయలు వస్తాయని కోతకు ముందే లెక్క వేసుకోగలడు. ఆ లెక్క చూపించి సావుకారి దగ్గర యూరియా బస్తా అప్పు అడగగలడు.

జొన్న రైతుకు ఆ భరోసా లేదు. మూడు బస్తాల జొన్నలతో భద్రాచలం వస్తే కొనే షాపు ఒకటో రెండో ఉంటుంది. సావుకారి మద్దతు ధర మీద వెయ్యి కోసి అడిగినా, కాదంటే ఇంటికి మోసుకుపోవాలి. రవాణా ఖర్చు అతనిదే. ఆదిలాబాద్ వైపు జొన్న ఇంకా పెద్ద విస్తీర్ణంలో ఉంది, అక్కడ మార్క్‌ఫెడ్ కొనుగోలు కేంద్రాలు తెరుస్తూ వచ్చింది. మన వైపు పంట తక్కువ గనుక కేంద్రం లేదని అధికారులంటారు. కేంద్రం లేదు గనుక పంట తక్కువని రైతు అంటాడు. ఈ రెండు మాటల్లో నన్ను ఒకటి ఎంచుకోమంటే నేను రైతు మాటే ఎంచుకుంటాను. ముందు కాంటా పెట్టాలి, పంట వెనకాల వస్తుంది.

ఇది ఊహ కాదు, నది అవతల జరిగింది. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టినప్పుడు తొలి జిల్లాల్లో మల్కన్‌గిరి ఒకటి. మల్కన్‌గిరి అంటే మన చుట్టాలున్న జిల్లా, మోటు అందులోదే. అక్కడ వాళ్లు ఎంచుకున్నది చోళ్లు, అంటే రాగులు. మొదట విత్తనం, సాగు పద్ధతి, ఊళ్లో పిండి మర. తర్వాత ప్రభుత్వమే గిరిజన సహకార సంస్థ ద్వారా మద్దతు ధరకు రాగులు కొనడం. కొన్న రాగుల్ని రేషన్ ద్వారా పంచడం, రాష్ట్రంలో కొన్ని జిల్లాల్లో అంగన్‌వాడీ పిల్లలకు లడ్డూలు చేసి పెట్టడం. పండించడం, కొనడం, తినిపించడం మూడూ కలిసి నడిచాయి గనుకనే చేలల్లో రాగి నిలిచింది. ఛత్తీస్‌గఢ్ కూడా 2021-22 నుంచి అరికలు, సామలు మద్దతు ధరకు కొనిపించింది. కొన్నది అక్కడి అటవీ ఉత్పత్తుల సహకార సంస్థలే. తునికాకు, ఇప్పపువ్వు కొనే కాంటా మీదే సామలు తూచారు. జీసీసీ ఉన్న మనకు అది అర్థం కాని సంగతేమీ కాదు.

ఖజానా లెక్కలోనూ ఇది నష్టం బేరం కాదు. చూడండి. సన్నవడ్లకు 2025-26 మద్దతు ధర, బోనస్ కలిపితే క్వింటాలుకు 2889 రూపాయలు. క్వింటాలు వడ్లు ఆడిస్తే మిల్లు ప్రభుత్వానికి అప్పజెప్పాల్సింది 67 కిలోల బియ్యం. అంటే మరపట్టే కూలి, సంచి, లారీ, గోదాము ఏమీ కలపకుండానే కిలో బియ్యం 43 రూపాయలు పడింది. జొన్న పూర్తి మద్దతు ధరకు కొన్నా కిలో 37 రూపాయలు. పొట్టు కొంత పోతుందిగానీ వడ్లలోలాగా మూడో వంతు పోదు. చర్లలో పండిన జొన్న చర్ల ఆశ్రమ పాఠశాలకే పోతే లారీ ఖర్చు ఎంత? మన వడ్లు ఎక్కడి మిల్లుకో పోయి, గోదాము ఎక్కి, మళ్లీ అదే డీఆర్ డిపోకు బియ్యంగా వచ్చే దూరం కొలిస్తే తెలుస్తుంది.

జొన్నకు గిరాకీ లేదనే మాట కూడా నిలవదు. సాయంత్రం పూట ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో రోడ్డు పక్కన జొన్న రొట్టెలు కాల్చే బండ్ల దగ్గర నిలబడండి. షుగర్ జబ్బు ఉన్న ఉద్యోగులు, లాయర్లు, పంతుళ్లు వరసలో ఉంటారు. ఒకప్పుడు పేదవాడి తిండని మొహం చిట్లించిన ఇళ్లలోనే ఇప్పుడు డాక్టరు చెప్పాడని జొన్న తింటున్నారు. ఆ పిండి ఎక్కడిదని అడిగితే చాలాసార్లు షోలాపూర్ వైపు చూపిస్తారు. ఇక్కడి గిరాకీకి అక్కడి నుంచి జొన్న వస్తోంది. ఇక్కడి రైతు పత్తి వేసి ధర పడిందని ఏడుస్తున్నాడు.

మన దగ్గర ఏ ప్రయత్నమూ జరగలేదని అనను. ఇక్రిశాట్ పరిశోధన సంస్థతో కలిసి గిరిజనాభివృద్ధి సంస్థలు, అంటే ఐటీడీఏలు, గిరిపోషణ అని ఒక కార్యక్రమం నడిపాయి. జొన్నలతో, చిరుధాన్యాలతో చేసిన తినుబండారాలు అంగన్‌వాడీ పిల్లలకు పెట్టారు. భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు మూడుచోట్లా గిరిజన మహిళలే వాటిని తయారుచేశారు. భద్రాచలం మహిళలు చిరుధాన్యాల బిస్కెట్లు చేసి భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్ పేరుతో అమ్ముతున్న సంగతి 2025 జూన్‌లో ప్రధానమంత్రి తన మన్ కీ బాత్ రేడియో ప్రసంగంలో ప్రస్తావించారు. ఆ చెల్లెళ్లకు, అక్కలకు అభినందనలు. అయితే ఒక మాట కుండబద్దలు కొట్టి చెప్తాను. బిస్కెట్‌తో పదిమందికి ఉపాధి దొరుకుతుంది, చెలకలోకి జొన్న తిరిగి రాదు. బిస్కెట్ ఎంత అమ్మినా అందులో పట్టే జొన్న ఎంత? ఆశ్రమ పాఠశాల వంటశాలలో వారానికి రెండు పూటలు జొన్న గటకో, రొట్టో పెడితే పట్టే జొన్న ఎంత? పిల్లలు తినరంటారు. వాళ్ల అమ్మమ్మలు వండితే తింటారు. వంటమనిషికి నేర్పకుండా, మర లేకుండా, నాసిరకం గింజ తెచ్చి ముద్ద చేసి పెడితే ఎవరూ తినరు, నేనూ తినను.

కాబట్టి అడగాల్సినవి చిన్నవే. జొన్న చేతికొచ్చే కాలంలో జీసీసీ డిపోల దగ్గర, కనీసం చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు, జొన్నకు ఒక కాంటా. రెండు మూడు పంచాయతీలకు ఒక పొట్టు తీసే మర, అది మహిళా సంఘం చేతుల్లో. ఇలాంటి యంత్రాల మీద పనిచేసే చిరుధాన్యాల పరిశోధన సంస్థ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే ఉంది, పరాయి దేశం పోనక్కర్లేదు. కొన్న జొన్న ఆ మండలం ఆశ్రమ పాఠశాలలకే, అంగన్‌వాడీలకే వెళ్లాలి. రేషన్ బియ్యంలో గింజ కూడా తగ్గించొద్దు. కావాలన్నవాళ్లకు కార్డు మీద నెలకు రెండు కిలోలు జొన్న అదనంగా ఇవ్వొచ్చు. 2023లో లక్షన్నర మందికి పైగా పోడు పట్టాలిచ్చారు, వాటిలో అన్నిటికన్నా ఎక్కువ భూమి మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. ఆ పట్టా ఉన్న ఎకరంలో ఏం పండించాలో పత్తి గింజల ప్యాకెట్ అమ్మేవాడు ఒక్కడే చెప్తుంటే ఎట్లా?

ఇక మీకు, శ్రోతలకు.  యాసంగి జొన్న వేయాలనుకున్నవాళ్లు ఒక్కరే వేయకండి. పక్కపక్క చెలకల వాళ్లు నలుగురైదుగురు మాట్లాడుకుని ఒకే వారంలో విత్తండి, పిట్టల కాపలా వంతులు వేసుకోండి. వేసినవాళ్లు మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గరికి వెళ్లి పంట నమోదు చేయించండి. అంతర పంటగా వేసినా సరే జొన్న పేరు రాయించండి. పత్తి చేలో నాలుగు సాళ్లు జొన్న ఉంటే పత్తి అని మాత్రమే రాసి వెళ్లిపోతుంటారు, ఊరుకోకండి. వచ్చే గ్రామసభలో జొన్నకు కాంటా కావాలని తీర్మానం పెట్టించి, దాని నకలు జీసీసీ మేనేజర్‌కూ ఐటీడీఏకూ ఇవ్వండి. నమోదు కాగితంలో జొన్న లేకపోతే "మీ దగ్గర పంటే లేదు కదా" అంటారు. ఆ మాట అనే అవకాశం ఈసారి ఇవ్వకండి.